కాలవ గట్టు మీద కేరవాన్

మా ఆయన నడుం పట్టేసుకుని మంచం ఎక్కకపోతే ఆ రోజు ఆ కాలవ గట్టు మీద నాకేం పని? వేసవి సెలవులు. హాయిగా ఇంట్లో ఆవకాయ జాడీలు కడుక్కుంటూ ఉండేదాన్ని. బరువులు ఎత్తకండి, మీ వయసు చూసుకోండి అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. వింటేనా! సరిగ్గా పెళ్ళిళ్ళ రోజుల్లో గ్యాసు బండ ఎత్తబోయి "అబ్బా" అని అక్కడే కూలబడ్డారు. మర్నాడే కేరవాన్ ఒక పెళ్ళికి వెళ్ళాలి.

కేరవాన్ అంటే చక్రాల మీద ఇల్లు. మాకూ మా బావగారికీ, అంటే మా ఆయన అన్నగారికీ, కలిపి ఒకటుంది. దానికి ఇంజను ఉండదు. ముందు పికప్ బండి కడితే లాక్కుపోతుంది. పొడవు ముప్పై ఐదు అడుగులు. లోపల సోఫా, ఏసీ, గోడంత అద్దం, బాత్రూం. పల్లెటూళ్ళో పెళ్ళయితే పెళ్ళికూతురు ముస్తాబవడానికి, షూటింగయితే నటీమణులు కూర్చోవడానికి అద్దెకిస్తాం. రాజమండ్రిలో మా వీధిలోకి అది వచ్చిన మొదటి రోజు జనం రథాన్ని చూసినట్టు చూశారు. వీధిలోంచి బయటికి తియ్యడానికి రెండు పూటలు పట్టిందని ఎవరికీ చెప్పుకోలేదు లెండి.

ముందుకు వెళ్ళినంతసేపూ అది బుద్ధిగా వెనకే వస్తుంది. వెనక్కి వెయ్యాల్సొస్తే దాని అసలు గుణం బయటపడుతుంది. మనం స్టీరింగు ఎటు తిప్పితే దాని తోక అందుకు ఎదురు దిక్కుకి పోతుంది. తోక ఎడమకి పోతోందంటే స్టీరింగు కూడా ఎడమకే తిప్పాలి, అప్పుడు సర్దుకుంటుంది. రవ్వంత ఆలస్యమైతే బండీ కేరవానూ మధ్యలో మడతపడతాయి. ఇక డ్రైవరుకి అద్దాల్లో కేరవాన్ గోడ తప్ప ఇంకేం కనపడదు. అందుకని వెనకాల ఒక మనిషి నిలబడి ఎటు పోతోందో చెప్తూ ఉండాలి. బావగారు తోలతారు, మా ఆయన వెనక నిలబడతారు. ఆ పెళ్ళి రోజున వెనక నిలబడాల్సిన మనిషి మంచం మీద ఉన్నారు కాబట్టి నన్ను పంపారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నేను బళ్ళో టీచర్ని. గది నిండా పిల్లల్ని ఒక్క కేకతో కూర్చోబెడతాను. చర్చిలో పాటలు పాడేటప్పుడు నా ముందు నుంచి మైకు తీసేస్తారు, అక్కర్లేదని. నా నోటి సంగతి మా వీధిలో ఎవరిని అడిగినా చెప్తారు. కానీ బావగారి ముందు నా నోరు పెగలదు. మా ఇళ్ళల్లో తమ్ముడి పెళ్ళాం బావగారి ఎదుట కూర్చోదు, గొంతెత్తదు, సూటిగా మాట్లాడదు. ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నా సరే, "భోజనానికి లేవమనండి" అని మా ఆయనతో చెప్పాలి. "నీళ్ళు తెమ్మను" అని ఆయనా మా ఆయనతోనే అనాలి. ప్రభువు ముందు అందరూ సమానమేనని ఆదివారం ఆదివారం వింటాం. ఇంటికొచ్చాక బావగారు బావగారే. పెళ్ళయి ఇరవై ఏళ్ళు కావస్తున్నా మేమిద్దరం సూటిగా మాట్లాడుకున్న మాటలు ఏవైనా ఉన్నాయేమో నాకు గుర్తు లేదు.

అలాంటి మమ్మల్నిద్దర్నీ ఒక బండిలో ఎక్కించి పంపించారు మహానుభావుడు.

నేను వెనక సీట్లో కూర్చున్నాను. వంతెన దాటి కొవ్వూరు వెళ్ళేదాకా ఒక్క మాట లేదు. కొవ్వూరు దాటాక పెద్దరోడ్డు మీద ఏదో పని జరుగుతోందని బండ్లని ఆపేశారు. బావగారు దిగి టీ కొట్టు దగ్గర ఒకాయన్ని అడిగారు, ఫలానా ఊరికి ఇంకో దారి ఉందా అని.

"ఆయ్, ఎందుకు లేదండీ! ఈ కాలవ గట్టు పట్టుకుని తిన్నగా వెళ్ళిపోండి. ముందుర చిన్న వంతెనొస్తది, దాని మీద తిరిగితే ఊళ్ళోకే."

"ఇంత పొడుగు బండి తిరుగుతుందాండీ?"

"భలేవోరే! నిన్న కోత మిషనే వెళ్ళిందండి. మీదెంతండీ?"

కోత మిషను వెడల్పే గానీ పొడుగెక్కడిది? నాకు ఆ క్షణంలోనే మనసులో అనిపించింది. మా వైపు మనిషి ఎదటివాళ్ళకి 'కాదు, వెళ్ళదు' అని చెప్పి నిరాశ పెట్టడు. పాపం, అంత దూరం నుంచి వచ్చారు, కాదనడం ఏం బాగుంటుంది అనుకుంటాడు. ఆ మర్యాద మన ప్రాణం మీదకొచ్చినా సరే. ఈ మాట మా ఆయనతో అయితే మొహాన చెప్పేదాన్ని. బావగారితో ఎలా చెప్పను? బండి గట్టెక్కింది.

దాళ్వా కోతలయిన రోజులవి, అంటే రెండో పంట చేతికొచ్చే రోజులు. మా వైపు ధాన్యం ఆరబొయ్యడానికి రోడ్డే కళ్ళం. గట్టు రోడ్డు మీద ఎడమ సగం అంతా ధాన్యం, కుడి సగం బండ్లకి. ఆ కుడి సగం పక్కనే కాలవ. ధాన్యం మీద చక్రం ఎక్కితే గింజ నూకైపోతుంది. అందుకని బస్సు డ్రైవరు కూడా అక్కడ ఊపిరి బిగబట్టి తోలతాడు. మేం వెళ్తుంటే నా కిటికీలోంచి రోడ్డు కనపడలేదు. కిందకి చూస్తే కాలవ నీళ్ళే. ప్రభువా, ప్రభువా అనుకుంటూ కూర్చున్నాను.

వంతెనకి కాస్త ముందు ఒకావిడ కాళ్ళతో ధాన్యం తిరగేస్తోంది. నా ఈడే ఉంటుంది. మమ్మల్ని చూసి కేరవాన్ పొడుగంతా కళ్ళతో కొలిచింది. తర్వాత ఏమనుకుందో, చెక్క తెచ్చి ధాన్యాన్ని ఇంకొంచెం లోపలికి లాగి దారిచ్చింది.

"జాగ్రత్తండి. తొలి పంట తుపానుకి పోయిందండి మాకు. కౌలు చేను. ఇక ఇదేనండి ఉన్నది" అంది ఎడమ పక్క కిటికీలోంచి నాతో. అంతే అంది. నేను తలూపాను.

వంతెన దగ్గరకొచ్చాం. బావగారు చూసి చూసి తిప్పారు. పికప్ వంతెన మీదికెక్కింది. కేరవాన్ నడుము మలుపు దగ్గర రాయికి ఆనుకుని ఆగిపోయింది. ఇంకో మూరెడు ముందుకు వెళ్తే వంతెన గోడ పడిపోతుంది, లేదా మేం కాలవలో ఉంటాం. అవతలి గట్టున ఒక ట్రాక్టరు వచ్చి హారను మొదలెట్టింది. ఇంకేముంది, వెనక్కి వెయ్యాల్సిందే. ఆవిడ ధాన్యం మొత్తం దాటేదాకా, ఆ సగం రోడ్డు మీదే, తిన్నగా.

నేను దిగి వెనక్కెళ్ళాను. ఇక చెప్పాలి. ఎలా చెప్పను? మా ఆయనకి ఫోను చేశాను. ఆయన మంచం మీద పడుకుని బావగారిని కూడా అదే ఫోన్లో కలిపారు. నేను వెనక నుంచి మా ఆయనకి చెప్తాను, ఆయన వాళ్ళన్నయ్యకి చెప్తారు, వాళ్ళన్నయ్య స్టీరింగు తిప్పుతారు. ముగ్గురం ఒకే ఫోన్లో ఉన్నాం, నా మాట బావగారికీ వినపడుతూనే ఉంది. అయినా తమ్ముడు చెప్పేదాకా ఆయన తిప్పరు, ఆయన తిప్పకపోయినా నేను ఆయన్ని పిలవను. ఇప్పుడు తల్చుకుంటే ఒళ్ళు మండుతుంది. అప్పుడు మా ముగ్గురికీ అది చాలా సహజంగా తోచింది.

బండి వెనక్కి కదిలింది. పదడుగులు బాగానే వచ్చింది. ఆ తర్వాత తోక ఎడమకి, ధాన్యం వైపు వాలింది.

"ధాన్యం వైపు వస్తోందండి" అన్నాను.

"ఎంత వస్తోంది?" అన్నారు మా ఆయన.

"వస్తోందండీ, చెప్పండి!"

"అన్నయ్యా, ఏమనుకోకుండా స్టీరింగు కాస్త ధాన్యం వైపు..."

ఆ 'ఏమనుకోకుండా' అయ్యేలోపు వెనక చక్రం ధాన్యం మీదికి ఎక్కేసింది. ధాన్యం అంచున రాళ్ళు పెట్టి, రాత్రికి కప్పడానికి బరకం మడిచి ఉంచింది ఆవిడ, నీలం రంగు ప్లాస్టిక్ పట్టా. చక్రం దాని మీదికెక్కి, పట్టుకుని, తనతో పాటు తిప్పేసింది. బరకం పర్రుమని చివరిదాకా చినిగింది.

"ఓరి నాయనో!" అంటూ ఆవిడ పరుగెత్తుకొచ్చింది. చక్రం కింద గింజలు కరకరమంటున్నాయి. ఆవిడ చక్రం పక్కన మోకాళ్ళ మీద కూలబడి, చేతులతో గింజల్ని ఇవతలికి లాగుతోంది. బండి ఇంకా కదులుతోంది! "ఆపమనండి, ఆపమనండి" అని నేను ఫోన్లో అంటున్నాను. మా ఆయన "అన్నయ్యా, ఆపు" అన్నారో లేదో తెలీదు, మొత్తానికి ఆగింది. చక్రానికీ ఆవిడ చేతికీ మధ్య బెత్తెడు లేదు.

"ఏంటమ్మా ఇది? నోరు లేదా నీకు?" అంది ఆవిడ నన్ను చూసి.

నన్ను! నోరు లేదా అని! జన్మలో నన్నెవరూ అనని మాట అది.

అప్పుడు ఆవిడ పడమటికి చూసి బిగుసుకుపోయింది. నేనూ చూశాను. ఎప్పుడు పుట్టిందో తెలీదు, కొబ్బరి తోటల మీద నల్లటి మబ్బు. గాలి ఒక్కసారిగా చల్లబడింది. గట్టు పొడవునా అందరూ చెక్కలూ చీపుర్లూ అందుకుని ధాన్యం పోగులేస్తున్నారు. ఆవిడ తన ధాన్యంలో అవతలి సగం మీదికి ఉరికింది, ఉన్న రెండో బరకం అక్కడుంది. ఇవతలి సగం మధ్యలో మా కేరవాన్ అడ్డంగా కూర్చుని ఉంది. దానికి కప్పడానికి ఇక బరకం లేదు, మేం చింపేశాం.

"తీయండమ్మా బాబూ, ముందా బండి తీయండి! తడిస్తే మొలకొచ్చేస్తది. ఎవడూ కొనడు. పిల్లలకేం పెట్టను నేను?" అని పోగేస్తూనే అరుస్తోంది.

బండి మళ్ళీ కదిలింది. బావగారు తోకని ధాన్యం మీంచి దించడానికి స్టీరింగు గట్టిగా తిప్పారు. ఎక్కువైంది. తోక ఇటు నుంచి అటు విసురుగా పోయింది. కుడి చక్రం గట్టు అంచుకి వచ్చింది. మట్టి పెళ్ళలు విరిగి కాలవలో పడుతున్నాయి. "కాలవ వైపండి" అన్నాను ఫోన్లో. అవతల చప్పుడు లేదు. "ఏవండీ?" అన్నాను. "ఆఁ, ఏంటి, గాలి హోరు, వినపడట్లేదు" అంటున్నారు మంచం మీద పడుకున్న మనిషి. చక్రం సగం గాల్లో ఉంది. ఆ బరువు కాలవలోకి దిగితే పికప్‌నీ, బావగారినీ లాక్కునే దిగుతుంది.

"ఆపండీ!"

నా గొంతే. బళ్ళో గొంతు కూడా కాదు, అంతకు మించి. గట్టు మీద ధాన్యం ఎత్తుతున్నవాళ్ళందరూ ఆగి చూశారు. బండి టక్కున ఆగింది.

నేను ఫోను జాకెట్లో దోపుకుని అద్దంలో ఆయనకి కనపడేటట్టు రోడ్డు మధ్యకి వచ్చి నిలబడ్డాను. కొంగు నడుముకి బిగించాను. "ముందుకి రండి! కొంచెం! చాలు! ఇప్పుడు స్టీరింగు కాలవ వైపు తిప్పి వెనక్కి! మెల్లగా! ఇంకా తిప్పండి, ఇంకా, ఆఁ ఇక నిలబెట్టండి! అంత తొందరెందుకండీ, మెల్లగా అంటున్నానా!" ఆ చివరి మాట కూడా అనేశాను, మా ఆయన్ని గదమాయించినట్టే. బావగారు అద్దంలో నన్నే చూస్తూ నేను ఎలా చెప్తే అలా తిప్పారు. ఆ ముఖంలో కోపం ఉందేమోనని చూసే తీరిక నాకు లేదు. ముప్పై ఐదు అడుగుల కేరవాన్ కాలవకీ ధాన్యానికీ మధ్య తిన్నగా నిలబడి, అడుగడుగునా వెనక్కి వస్తోంది.

సగం దూరం వచ్చేసరికి చినుకు పడింది. ఒక్కొక్క చినుకు రూపాయి బిళ్ళంత. ఆవిడ అవతలి సగం కప్పేసి ఇవతలికి వచ్చింది, ఒట్టి చేతులతో. పక్క కుప్పల దగ్గర కూలికొచ్చిన ఇద్దరాడవాళ్ళు కూడా వచ్చారు. వాళ్ళ దగ్గరా మిగిలిన బరకాలు లేవు. ఆవిడ చీర కొంగు విప్పి కుప్ప మీద పరవబోయింది. చెరువంత కుప్ప మీద కొంగు!

కేరవాన్ తలుపు సరిగ్గా ఆ కుప్పకి ఎదురుగా ఉంది.

నేను పికప్ కిటికీ దగ్గరకి పరుగెత్తాను. "బావగారూ, తాళాలివ్వండి. ధాన్యం లోపల పోయిద్దాం" అన్నాను.

ఆయన నన్ను చూశారు. ఆ కేరవాన్‌లోకి చెప్పులతో ఎవరు ఎక్కినా ఊరుకోని మనిషి ఆయన. పెళ్ళివాళ్ళొచ్చే ముందు సోఫా మీద తెల్లగుడ్డ తనే పరుస్తారు. అవతల పెళ్ళికూతురు ఎదురు చూస్తోంది. ఆయన తాళాలివ్వలేదు. దిగి, తనే వెళ్ళి తలుపు తీసి, ఆ తెల్లగుడ్డ లాగి కింద పరిచి, "పొయ్యండమ్మా" అన్నారు.

ఇక చేతికేది దొరికితే అది. తట్టలు, గంపలు, బిందెలు, టీచర్నైన నేను ఎన్నడూ పట్టని పార. కూలికొచ్చిన ఆడవాళ్ళు తట్టలకెత్తితే నేను గుమ్మం దాకా అందిస్తాను, బావగారు లోపల గుమ్మరిస్తారు. సోఫా మీద ధాన్యం, అద్దం ముందు ధాన్యం, బాత్రూంలో ధాన్యం. ఆయన తెల్లచొక్కా దుమ్ముకి ఎర్రబడిపోయింది. "ఇటు పొయ్యండి, బరువంతా ఒక్క పక్కకే పడితే ఒరిగిపోతుంది" అని నేను చెప్తుంటే "సరేనమ్మా" అంటున్నారు. మధ్యలో నా జాకెట్లో ఫోను మోగుతూనే ఉంది. పెళ్ళివాళ్ళు మా ఆయనకి, మా ఆయన నాకు చేస్తున్నారు, ఎత్తే తీరికెక్కడ? తర్వాత తెలిసింది, ఆ పెళ్ళికూతురు పాస్టరుగారింట్లోనే ముస్తాబయిందట. వాళ్ళు మమ్మల్ని తిట్టిన తిట్లు ఇప్పటికీ తిడుతూనే ఉన్నారని విన్నాను.

వాన దంచి కురిసింది. ఆఖరి తట్ట లోపలికి వచ్చేసరికి రోడ్డు మీద అడుగు పొర మిగిలిపోయింది, చక్రం కింద నలిగిందీ మిగిలిపోయింది. అవి నీళ్ళతో కలిసి కాలవలోకి జారిపోతుంటే ఆవిడ చూడలేదు. అందరం లోపలికెక్కి తలుపేసుకున్నాం. రేకుల మీద వాన హోరు. అయిదుగురం ధాన్యం మీదే నిలబడ్డాం, ఇంకెక్కడా చోటు లేదు. బావగారి జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి.

ఆవిడ మాత్రం కదలకుండా ఆ కుప్పని చూస్తోంది. కొన్ని తట్టలు చినుకుల్లోనే ఎత్తాం. ధాన్యం తడిసిందో లేదో పైకి చూస్తే తెలీదు. గింజ కొరికి చూడాలి. ఎండిన గింజ పంటి కింద పటుక్కుమంటుంది, తేమ పట్టినది మెత్తగా నలుగుతుంది. ఆవిడ వంగి ఒక గింజ తీసి నోట్లో పెట్టుకుంది. పెట్టుకుని అలాగే ఉండిపోయింది, దవడ కదల్లేదు. ఆ గింజ అరచేతిలోకి తీసేసింది.

"నా వల్ల కావట్లేదండి. మీరు చూడండి" అంది నాతో.

నేను ఆఖర్న ఎత్తిన తట్టలోదే ఒక గింజ తీశాను. పళ్ళ మధ్య పెట్టుకున్నాను. నలుగురూ నా నోటి వైపే చూస్తున్నారు, బావగారితో సహా. నాకు భయమేసింది, ఆ కాలవ అంచు దగ్గర కూడా అంత భయం వెయ్యలేదు. కొరికాను.

పటుక్కుమంది. ఆ వాన హోరులో బయటికి ఎవరికీ వినపడి ఉండదు గానీ నా తల నిండా వినపడింది.

"ఎండిందేనండీ!" అన్నాను.

ఆవిడ ఆ ధాన్యం మీదే కూర్చుండిపోయింది. రెండు చేతులూ మోచేతుల దాకా అందులో దూర్చుకుని గట్టిగా ఏడ్చింది.